గోడకు తగిలించిన హక్కులు

మొన్న పనిబడి గద్వాల పోయినప్పుడు మా పాత ఆఫీసు ముందు ఆగాను. బిల్డింగు ఖాళీ చేస్తున్నారు. బీరువాలు, బల్లలు, కాళ్లు విరిగిన కుర్చీలు అన్నీ వరండాలోకి వచ్చేశాయి. లోపల ఇద్దరు కూలీలు గోడల వెంట ఉన్న పాత నెట్‌వర్క్ వైర్లు పీకి చుట్టలు చుడుతున్నారు. నేను పన్నెండేళ్లు కూర్చున్న మూలకు వెళ్లి చూశాను. అక్కడి వైరు చివర అతికించిన కాగితం ముక్క ఇంకా ఊడలేదు. దాని మీద నీలం పెన్నుతో "ఈ వైరు పీకినోడు నాకు ఫోన్ చెయ్యద్దు" అని రాసి ఉంది.

నవ్వొచ్చింది. స్టోర్ చూసే పాత మనిషి పక్కనే ఉంటే, "ఇది రాసిన షేరింగ్ సారు ఇప్పుడెక్కడున్నాడో తెలుసా" అని అడిగాను.

"ఆయన పోయి రెండేండ్లాయె గద మేడం. వనపర్తిల. షుగర్ ఉండె," అన్నాడు అతను, వైరు చుట్టను కాలితో పక్కకు జరుపుతూ.

రెండేళ్లు. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను ఆయనకు ఏమవుతానని?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ప్రాంతపు ఆఫీసులకు కంప్యూటర్లు ఒక్కొక్కటిగా దిగాయి. వాటి మధ్య వైర్లు లాగి, ఒకరి ఫైలు ఇంకొకరు తెరుచుకునేలా చేయడం ఆయన పని. అందుకే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు ఊళ్లలోనూ 'షేరింగ్ సారు' అయిపోయాడు. రెండు రోజులు ఒక ఊరు, రెండు రోజులు ఇంకో ఊరు. స్కూటర్ హ్యాండిల్‌కు బూడిదరంగు వైరు చుట్ట వేలాడుతుండేది. చొక్కా జేబులో నాలుగైదు పాత పెళ్లి పత్రికలు ఉండేవి. పత్రిక ఎవరు ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి, తెల్లగా ఉంటేనే సంతోషపడేవాడు. ఆయన గీతలూ గుర్తులూ అన్నీ ఆ తెల్ల వైపు మీదే. పెళ్లికి మాత్రం పోయేవాడు కాదు.

మా ఆఫీసు ఏదో చెప్పను. అప్పటి వాళ్లలో కొందరు ప్రమోషన్లు తీసుకుని ఇంకా సర్వీసులోనే ఉన్నారు. వాళ్లకు కోపాలు ఎక్కువ. నేను అక్కడ కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఉన్నవి ఐదు కంప్యూటర్లు. ఒకదాంట్లోంచి ఇంకోదానికి ఉత్తరం పోవాలంటే అటెండర్ ఖాజా భాయ్ ఫ్లాపీ పట్టుకుని, టీ గ్లాసుల పక్కన పెట్టుకుని, బల్ల బల్లకూ తిరిగేవాడు. ఒకనాడు టీ ఒలికి పెన్షన్ ఫైలు పోయింది. దాంతో నెట్‌వర్కు కావాలని తీర్మానం అయింది, షేరింగ్ సారు వచ్చాడు.

వచ్చిన మనిషి కంప్యూటర్ల వైపు చూడలేదు. టీ అడిగాడు. కుర్చీ నా బల్ల దగ్గరకు లాక్కుని, పెళ్లి పత్రిక తిప్పి, పెన్ను తీసి, గొంతు తగ్గించి అన్నాడు:

"చెల్లే, ముందుగాల ఒక సంగతి చెప్పు. ఈడ ఎవరికెవరికి మాటల్లేవు?"

నాకు ఒళ్లు మండింది. వచ్చీ రాగానే చాడీలు అడుగుతాడేమిటి అనుకున్నాను. "నాకు తెల్వదు సార్," అన్నాను.

"నీకు తెల్వకపోతే నా పని గాదు. కంప్యూటర్లు కలుపుడు రెండు గంటల పని. మాటల్లేనోళ్లను తెల్వక ఒక్క ఫోల్డర్‌ల కలిపిననుకో, రేపు పొద్దుగాల నాకు ఫోన్ వస్తది, వైరు ఖరాబైందని."

చెప్పాను. ఎస్టాబ్లిష్‌మెంట్ సారుకూ టెక్నికల్ సారుకూ ఏడేళ్లుగా మాటల్లేవు. ఉన్న ఒక్క ఫ్యానూ ఎవరి నెత్తి మీద తిరగాలి అన్న దగ్గర మొదలైంది. ఆ తర్వాత ఇద్దరి నెత్తి మీదా ఫ్యాన్లు వచ్చాయి కానీ మాటలు రాలేదు. ఇక సూపరింటెండెంట్ గారికీ ఆఫీసు పెద్దసారుకూ పడదు.

"మాటల్లేకనా, మాటలుండి పడకనా?" అని అడిగాడు.

"మాటలుండే పడదు సార్."

మాటల్లేనివాళ్ల మధ్య అడ్డగీత గీశాడు, మాటలుండి పడనివాళ్ల మధ్య సున్నా పెట్టాడు. పత్రిక వెనక భాగం నిండిపోయింది. అది చూసి తల ఊపి, "మంచి ఆఫీసే," అన్నాడు. "నాగర్‌కర్నూల్‌ల ఒకతాన రెండు పత్రికలు వట్టినయ్."

మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టాడు. ఖాజా భాయ్ టీ పంచుతున్నాడు.

"సార్లూ, ఇగ మీ ఫైళ్లన్ని ఒక్క తాన ఉంటయ్. 'అందరిది' అని ఒక పెద్ద ఫోల్డర్, అండ్ల సెక్షన్‌కొకటి. మూడు తీర్ల హక్కులుంటయ్. చదువుడు, రాసుడు, తుడుసుడు. ఎవరికి ఏది గావాలెనో చెప్పుండ్రి."

అంతవరకూ ఆ హక్కులు లోకంలో ఉన్నాయని కూడా తెలియని మనుషులు, అవి లేకపోతే ఆ పూట అన్నం సహించదన్నట్టు కూర్చున్నారు.

"టెక్నికల్ ఫోల్డర్‌ల నాకు మూడు గావాలె," అన్నారు ఎస్టాబ్లిష్‌మెంట్ సారు. టెక్నికల్ సారు మూడడుగుల దూరంలోనే ఉన్నారు. ఈయన కిటికీతో మాట్లాడుతున్నట్టు చెప్పారు.

"నా దాంట్ల ఆయనకు మూడిస్తే, ఆయన దాంట్ల నాకు నాలుగియ్యాలె," అన్నారు టెక్నికల్ సారు, ఎదురు గోడతో.

"నాలుగోది లేదు సార్."

"లేకపోతే తెప్పియ్యుండ్రి. ఇండెంట్ పెడ్దం."

షేరింగ్ సారు నవ్వలేదు. 'నాలుగు' అని పత్రిక మీద రాసుకుని దాని చుట్టూ గీత గీశాడు. ఆయనలోని గొప్ప సంగతి అదే. ఎంత చెత్త మాటకైనా పెన్ను కదిలేది. ఏమీ చేయకపోయినా, తన మాట రాసుకున్నాడన్న తృప్తితో మనిషి చల్లబడేవాడు.

సూపరింటెండెంట్ గారు కంప్యూటర్‌ను అప్పటివరకూ తాకలేదు, తర్వాతా తాకలేదు. పొద్దున ఖాజా భాయ్ ఆన్ చేసేవాడు, సాయంత్రం ఆఫ్ చేసేవాడు. మధ్యలో ఆయన దాని పక్కన కూర్చునేవారు. "నాకు అన్నిట్ల అన్ని ఉండాలె," అన్నారు. "నాకంటె ఎక్కువ ఎవరికి ఉండొద్దు."

"పెద్దసారుకు?"

కొంచెం ఆలోచించారు. "ఆయనకు నాయంత."

చదివే హక్కు ఒక్కటే అంటే మా ఆఫీసులో ఎవరూ భరించలేకపోయారు. ఒకాయన "నేనేమన్న చదువుకునే పిలగాన్నా" అని లేచి వెళ్లిపోయారు. ఆయన్ని బుజ్జగించి తెచ్చి, రాసే హక్కు ఇచ్చి, ఇంకో టీ తాగించాల్సి వచ్చింది.

చివర్న ఖాజా భాయ్ ఖాళీ గ్లాసులు ఏరుతూ, "సార్, నాకేమన్న ఉన్నదా అండ్ల?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఉన్నది భాయ్," అని షేరింగ్ సారు ఏదో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన చెబుతుంటే నేను పట్టిక టైపు చేశాను. ఎడమవైపు పేర్లు హోదా ప్రకారం, పైన చదువుట, రాయుట, తుడుచుట. ఆఖరి వరసలో "అటెండరు: చూచుట మాత్రమే, నిలబడి" అని ఉంది. నిలబడి అన్న మాట చూసి సూపరింటెండెంట్ గారు చాలా సంతోషించారు. పట్టికకు పెద్దసారు సంతకం, గుండ్రటి ముద్ర పడ్డాయి. దాన్ని లామినేషన్ చేయించి, ఫ్రేము కట్టించి, గోడకు మేకు కొట్టి తగిలించారు. షేరింగ్ సారు ఒక్కొక్క కంప్యూటర్ ముందు కూర్చుని, తెరను తన వైపు తిప్పుకుని, ఏవో నొక్కి, కాసేపు కళ్లు మూసుకుని, "అయిపోయింది," అని లేచేవాడు.

ఆ తర్వాత మా ఆఫీసులో జనం హక్కుల కోసం దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టారు. నేను వేళాకోళానికి చెప్పడం లేదు. 'తుడుచు హక్కు మంజూరు చేయించవలసినదిగా ప్రార్థన' అని సూపరింటెండెంట్ గారి ద్వారా పెద్దసారుకు పోయేవి. కొన్నిటిని నేనే టైపు చేశాను. రెండేళ్లలో పట్టిక నాలుగుసార్లు మారింది. టెక్నికల్ సారుకు తుడుచు హక్కు వచ్చిన రోజు అందరికీ మైసూర్‌పాక్ పంచారు, ఒక్క ఎస్టాబ్లిష్‌మెంట్ సారుకు తప్ప. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు తమ కుర్చీ ఎక్కడని అడగక ముందే పట్టికలో తమ వరస ఎక్కడుందో చూసుకునేవారు.

ఏదైనా ఆగిపోతే ఆయనకు ఫోన్ చేసేదాన్ని. అటునుంచి హలో ఉండదు.

"ఎవరన్న అలిగిన్రా?" అనేవాడు.

పది సార్లలో తొమ్మిది సార్లు అదే అయి ఉండేది. వచ్చి, అలిగిన మనిషి పక్కన కూర్చుని, ఆయన చెప్పిందంతా విని, తెర తిప్పుకుని రెండు నొక్కులు నొక్కి, "పెంచిన సార్ మీకు," అని చెవిలో చెప్పినట్టు చెప్పేవాడు. ఆ మనిషి నెల రోజులు హుషారుగా పనిచేసేవాడు. మిగిలిన పదోసారి ఎలక వైరు కొరికి ఉండేది. ఎలక కొరికిన చోట కొత్త వైరు వేసి, ఊరికే పీకి చూసేవాళ్ల కోసం దానికొక కాగితం అతికించి పోయేవాడు.

ఇక్కడ నా గుట్టు కూడా ఒకటి చెప్పాలి. నెట్‌వర్కు పెట్టిన నెలకే నాకు ఒక సంగతి తెలిసింది. పట్టికలో నాకు రెండు ఫోల్డర్లలోనే రాసే హక్కు ఉంది. కానీ ఏ ఫోల్డర్ నొక్కినా తెరుచుకుంటోంది, రాస్తే నిలుస్తోంది. చెల్లే అని పిలిచాడు కదా, అభిమానం కొద్దీ నా ఒక్కదానికి అన్నీ తెరిచిపెట్టి పోయాడనుకుని మురిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా సెలవు పెట్టినప్పుడు వాళ్ల ఉత్తరాలు గుట్టుగా తీసి పని నడిపించేదాన్ని. నా పనితనానికి నేనే మెచ్చుకునేదాన్ని.

అంతలో ఎన్నికలొచ్చాయి. డ్యూటీకి పంపాల్సిన సిబ్బంది పేర్లు ఇన్ని అని జిల్లా నుంచి కాగితం వచ్చింది. అప్పట్లో మా జిల్లా మహబూబ్‌నగర్. ఎన్నికల డ్యూటీ అంటే మా వాళ్లకు నడుములు పట్టేస్తాయి, బీపీలు పెరుగుతాయి. అందుకని సూపరింటెండెంట్ గారు 'ఎన్నికలు' అని వేరే ఫోల్డర్ పెట్టించి, పట్టికలో కొత్త గడి గీయించారు. అందులో రాసే హక్కు ఆయనకు, ఆపరేటర్‌నైన నాకు, అంతే. తతిమా అందరికీ చదువుట మాత్రమే. ఎస్టాబ్లిష్‌మెంట్ సారు రెండు రోజులు అన్నం డబ్బా తెరవలేదు.

మధ్యాహ్నం నేను పేర్లు టైపు చేసి పెట్టాను. మరుసటి రోజు పొద్దున ప్రింటు తీశాను. నేను టైపు చేసిందే కదా అని నేను చదవలేదు. ఆపరేటర్ తీసిందే కదా అని సూపరింటెండెంట్ గారు చదవలేదు. సూపరింటెండెంట్ సంతకం ఉంది కదా అని పెద్దసారు చదవలేదు. లిస్టు జిల్లాకు పోయింది.

పదిహేను రోజులకు వీపనగండ్ల నుంచి ఒకామె వచ్చింది. అంతకు ముందు ఎండాకాలం గుండెపోటుతో పోయిన మా డ్రాఫ్ట్స్‌మన్ భార్య. చేతిలో మెమో ఉంది.

"సారూ, మా ఇంటాయన ఎన్నికల ట్రైనింగ్‌కు ఎందుకు రాలేదో మూడు దినాలల్ల చెప్పాలెనంట. చెప్పకుంటె చర్య తీసుకుంటరంట. నాకు రాసుడు రాదు. జర మీరే రాసియ్యుండ్రి."

సూపరింటెండెంట్ గారు మెమోను రెండు వైపులా చూశారు. "ఇది ఆయన పేరు మీద వచ్చింది గద అమ్మా. ఆయనే సంతకం పెట్టాలె," అన్నారు.

అన్నాక ఆయనకే అర్థమై కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆమె ఏడవలేదు, అలా చూస్తూ నిలబడింది. ఖాజా భాయ్ కుర్చీ వేసి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ గదిలో మనిషిలా ప్రవర్తించింది అతనొక్కడే.

లిస్టు బయటికి తీశారు. చచ్చిపోయిన డ్రాఫ్ట్స్‌మన్ పేరు అందులో ఉంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సారు పేరు లేదు. ఒకటి తీసి, లెక్క తప్పకుండా ఒకటి పెట్టారన్నమాట. ఎవరు చేశారో తెలుసుకోవడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. కానీ మాది ఆఫీసు. సూపరింటెండెంట్ గారు వెళ్లి గోడ మీది పట్టిక ముందు నిలబడ్డారు.

"ఎన్నికల ఫోల్డర్‌ల రాసుడు ఇద్దరికే ఉన్నది. ఒకటి నేను. నేను కంప్యూటర్ ముట్టనని అందరికి తెల్సు. ఇగ మిగిలిందెవరు?"

అందరూ నా వైపు చూశారు.

"నాది చదువుడే," అన్నారు ఎస్టాబ్లిష్‌మెంట్ సారు, చాలా బాధగా. "అప్పుడే మొత్తుకున్న, నాకు గుడ రాసే హక్కు ఇయ్యుండ్రి అని. ఇచ్చి ఉంటే నేను చూసుకుంటుంటి, గీ తప్పు కాకపోతుండె."

సాయంత్రానికి నా చేతిలో మెమో పడింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే కాంట్రాక్టు రద్దు. నాకప్పుడు ఇద్దరు చిన్నపిల్లలు. మా ఆయన బోరుబండి మీద పనిచేస్తూ చెయ్యి విరగ్గొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. నెల నెలా పొడిగించే నా ఉద్యోగం మీదే మా పొయ్యి వెలిగేది. నాకు అన్ని ఫోల్డర్లూ తెరుచుకుంటాయని చెబుదామంటే అది నా మెడకే చుట్టుకుంటుంది. బయటికి వచ్చి కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేశాను.

"ఎవరన్న అలిగిన్రా?"

"నా ఉద్యోగం పోతున్నది సార్," అన్నాను.

"వస్తున్న," అన్నాడు.

మరుసటి రోజు వచ్చాడు. సంగతంతా విన్నాడు. వరండా చివరికి తీసుకుపోయి, మెల్లగా చెప్పాడు.

"చెల్లే, ఆ పట్టిక ఉత్తదే."

నాకు అర్థం కాలేదు.

"నేను పెట్టింది ఒక్కటే టిక్కు. అందరికి అన్ని. మీ ఆఫీసులనే గాదు, మూడు ఊర్లల్ల గంతే. మొదట్ల నిజంగనే పెట్టిన. నాగర్‌కర్నూల్‌ల ఒక ఆఫీసుల. వారంల పదకొండు మాట్లు పిలిచిన్రు. ఒకాయన లీవు పెడితే ఇంకొకాయన ఫైలు తెరవలేడు, తాళం తీసే పాస్‌వర్డ్ అడుగుదామంటే మాటల్లేవు. పని మొత్తం బంద్. గప్పుడు సమజైంది. వీళ్లకు గావాల్సింది హక్కు గాదు, హక్కు ఉన్నట్టు గోడ మీద రాత. రాత ఇచ్చి, లోపల అంత బార్లా తెరిచిపెట్టిన."

"మరి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదా సార్?"

"అందరికి తెల్సు చెల్లే. ఎవరికి వాళ్లు, తనకొక్కనికే తెల్సు అనుకుంటరు."

నా మొహం ఎర్రబడి ఉంటుంది. ఆయన చూసీ చూడనట్టు వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు.

"ఈ మాట పెద్దసారుకు చెప్పండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా," అన్నాను.

చాలాసేపు నమిలాడు. "చెప్తే నా బువ్వ పోతది," అన్నాడు. స్కూటర్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నేను ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఊళ్లో వాళ్లందరి అలకలూ తీర్చే మనిషి, తాను రాసిన అబద్ధం వల్ల నా ఇల్లు మునుగుతుంటే దర్జాగా వెళ్లిపోయాడని మా ఆయన దగ్గర ఏడ్చాను. పిరికివాడన్నాను. ఇంకా చాలా అన్నాను.

మూడో రోజు పెద్దసారు గదిలో విచారణ. అందరూ ఉన్నారు. నేను సంజాయిషీ ఇవ్వడానికి నోరు తెరిచేలోపు, పిలవని మనిషి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. భుజాన వైరు చుట్ట కూడా అలాగే ఉంది.

"సార్, రెండు నిమిషాలు. ఒక తమాషా చూపిస్త," అని హాల్లోకి నడిచాడు. వెనకే అందరూ నడిచారు. చదువుట మాత్రమే ఉన్న టెక్నికల్ సారు కంప్యూటర్‌లో ఎన్నికల లిస్టు తెరిచి, ఖాజా భాయ్‌ని పిలిచాడు.

"భాయ్, కూసో. నీ పేరు కొట్టు అండ్ల."

"నాకు నిలబడి అని ఉన్నది గద సార్," అన్నాడు ఖాజా భాయ్. ఎంత చెప్పినా కూర్చోలేదు. నిలబడే, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఒంటి వేలితో తన పేరు కొట్టాడు. షేరింగ్ సారు దాన్ని సేవ్ చేయించి, సూపరింటెండెంట్ గారి బల్ల దగ్గరకు పోయి అక్కడి కంప్యూటర్‌లో తెరిచాడు. ఎన్నికల డ్యూటీ లిస్టులో, పెద్దసారు పేరుకు పైన, ఖాజా పేరు ఉంది.

"గోడ మీద ఏం రాసినా, లోపల అందరికి అన్ని హక్కులున్నయ్ సార్. ఈ లిస్టు ఈ హాల్‌ల ఎవరైనా మార్చొచ్చు. ఈ ఆపరేటరమ్మను ఒక్కదాన్ని అనేతందుకు లేదు."

నేను మొహాలు చూశాను. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. టెక్నికల్ సారు ఫ్యాను చూస్తున్నారు. పక్క సెక్షన్ ఆయన గోళ్లు చూసుకుంటున్నారు. ప్రతి ఒక్కరూ రెండేళ్లుగా గుట్టుగా అనుభవించింది నలుగురిలో బయటపడిందన్న సిగ్గు మాత్రం అందరిలోనూ ఉంది. ఆ నిశ్శబ్దం ఇంకొంచెం సాగితే ఎవరో ఒకరు నిజం చెప్పేసేవారేమో. సూపరింటెండెంట్ గారు కాపాడారు.

"అంటే, రెండేండ్ల సంది నాకు, ఖాజాకు ఒక్కటే హక్కా?"

అందరికీ ప్రాణం లేచి వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి ఒక కారణం దొరికింది. గంటసేపు అరిచారు. ఆఫీసు పరువు అన్నారు, హోదా అన్నారు, సర్వీసు రూల్సు అన్నారు. లిస్టులో పేరు ఎవరు మార్చారని ఆ గంటలో ఒక్కరు కూడా అడగలేదు. అందరికంటే పెద్ద గొంతు ఎస్టాబ్లిష్‌మెంట్ సారుదే. "గిది మోసం సార్. పోలీస్ కేసు పెట్టాలె," అన్నారు.

షేరింగ్ సారు ఆయనకూ టెక్నికల్ సారుకూ మధ్య నిలబడి, "తొమ్మిదేండ్ల సంది మీరిద్దరు మాట్లాడుకోలేదు. మీ ఫైళ్లు మాట్లాడుకుంటున్నయ్. తాళం ఏస్తే అవి గుడ బంద్ అయితుండె," అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

జరిగింది సాంకేతిక లోపం అని తేల్చారు. చచ్చిపోయినాయన మీద మెమో రద్దయింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సారు ఎన్నికల డ్యూటీకి పోలేదు. సూపరింటెండెంట్ గారు వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ ఫోన్లు చేశారు. అక్కడి ఆఫీసుల్లో కూడా అటెండర్లను కంప్యూటర్ల ముందు నిలబెట్టి పరీక్షించారట. నెల తిరిగేసరికి షేరింగ్ సారును పిలిచే ఆఫీసు మూడు ఊళ్లలో ఒక్కటి కూడా మిగలలేదు.

హైదరాబాద్ నుంచి కొత్తాయన వచ్చాడు. టై కట్టుకున్నాడు. ఎవరికెవరికి మాటల్లేవని అడగలేదు. పట్టిక చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు నిజంగా తాళాలు వేసి పోయాడు. నాలుగో రోజుకు ఆఫీసు ఆగిపోయింది. సూపరింటెండెంట్ గారు పాస్‌వర్డ్ మర్చిపోయారు. పెద్దసారుకు తన ఉత్తరమే తెరుచుకోలేదు. ఆయనే వారం చూసి, నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకు వేయించి, "పాతట్లనే చెయ్యమ్మా. ఎవరికి చెప్పకు," అన్నారు. చేశాను. ఒక్క టిక్కే. పట్టికకు కొత్త ఫ్రేము కట్టించారు.

రెండేళ్ల తర్వాత ఒకసారి వనపర్తిలో బస్సు కిటికీలోంచి ఆయన్ని చూశాను. కేబుల్ టీవీ వైరు భుజాన వేసుకుని, స్తంభం కింద నిలబడి, పైన ఎక్కినవాడికి ఏదో చెబుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. దిగి పలకరించొచ్చు. బస్సు అక్కడ పది నిమిషాలు ఆగింది. నేను కొంగు తల మీదికి లాక్కుని, రెండో వైపు తిరిగి కూర్చున్నాను.

ఎందుకో చెప్పాలి. ఇంతసేపూ అది ఒక్కటే దాచుకుని తతిమా అంతా చెప్పుకొచ్చాను.

ఆరోజు అరుపులు అయ్యాక పెద్దసారు నాతో, "జరిగింది ఎవరి వల్లనో నువ్వు రాతపూర్వకంగా ఇయ్యి. ఇస్తే నీ మెమో తీసేస్తం," అన్నారు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పైన తేదీ కొట్టి ఆగిపోయాను. షేరింగ్ సారు ఇంకా పోలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"రాయ్ చెల్లే. బయటి వ్యక్తి నిర్లక్ష్యం వల్ల జరిగింది అని రాయ్."

రాశాను.

"మోసం అని గుడ పెట్టు. ఉత్త నిర్లక్ష్యం అంటె వాళ్లకు సాలదు."

పెట్టాను.

"సదరు వ్యక్తిని ఇకముందు ఏ కార్యాలయంలోనూ అనుమతించరాదని కోరుతున్నాను. గిది ఉంటేనే నిన్ను నమ్ముతరు."

అదీ కొట్టాను. సదరు వ్యక్తి అన్న చోట పేరు ఉండాలి. రెండేళ్లు ఆయన చేత చెల్లే అని పిలిపించుకున్నాను, ఆయన పేరు నాకు తెలియదు. "మీ పేరేంది సార్?" అని అడిగాను. ఇంటిపేరుతో సహా చెప్పాడు. తండ్రి పేరు కూడా చెప్పాడు, నేను అడగకుండానే.

వద్దు సార్ అని ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. పిల్లలు గుర్తొచ్చారని, మా ఆయన విరిగిన చెయ్యి గుర్తొచ్చిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ నిమిషంలో నాకు ఏదీ గుర్తు రాలేదు. తప్పుల్లేకుండా కొట్టాలన్నదే గుర్తుంది. మూడు కాపీలు తీసి సంతకాలు పెట్టాను. ఆయన పై నుంచి కింది దాకా చదివి, "బాగున్నది," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ నెల నా కాంట్రాక్టు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా పొడిగించారు.